బండల పాటామె

మొన్న మా ఇంట్లో పాత నాపరాళ్ళు తీయించి టైల్సు వేయించారు. వేయించారు అనడమే సరి, నన్నెవరూ అడగలేదు. పనికి వచ్చిన మనుషులు ఒక్కో బండ కింద గడ్డపార దూర్చి, మాటా పలుకూ లేకుండా ఎత్తి, గోడకు ఆనించి పోతున్నారు. వంటింటి గడప దగ్గరి బండ మాత్రం ఎంతకూ లేవలేదు. నడుముల మీద చేతులు పెట్టుకుని దాని చుట్టూ నిలబడ్డారు. నేను కుర్చీలోంచి, "పాట పాడండప్పా, లేస్తాది" అన్నాను. వాళ్ళలో పెద్దవాడు నా వైపు చూసి, తర్వాత మా కోడలి వైపు చూశాడు. మా కోడలు 'ఆయన అంతేలే' అన్నట్టు తల ఊపింది.

పాటకు బండ లేవడం నేను కళ్ళారా చూశాను. ఆ పాడినామె పేరు ఇక్కడ రాయను. రాస్తే చిన్నక్షరాలతో రాశానని ఆమె ఎక్కడున్నా కోప్పడుతుంది. జనం ఆమెను బండల పాటామె అనేవాళ్ళు. నేను అక్కా అని పిలిచేవాణ్ణి.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజుల్లో నాకు ప్రొద్దుటూరులో మైకుసెట్టు అంగడి ఉండేది. ఒక యాంప్లిఫయరు, రెండు హారన్లు, కారు బ్యాటరీలు, ఒక మైకు. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు, మీటింగులకు బాడుగకు పోయేవాణ్ణి. కొత్త రాష్ట్రం కాబట్టి ఉపన్యాసాలకు కొదవ లేదు. వచ్చిన ప్రతి పెద్దమనిషీ మైకును కొరికేంత దగ్గరికి లాక్కుని మాట్లాడేవాడు. మైకుకు ఎంత దూరంగా నిలబడితే అంత మంచిదని నాకు తెలిసింది ఈమె వచ్చాకనే.

ఒక వేసవిలో గుడ్డల వ్యాపారం చేసే శెట్టిగారింట్లో పెళ్ళికి మైకు పెట్టాను. సాయంత్రం పాటకచేరీ అన్నారు. పాడవలసిన ఆయన మద్రాసు రైల్లో వచ్చి ఎర్రగుంట్లలో దిగాలి. ఆయన నిద్రపోయి తాడిపత్రి దాకా పోయాడని తర్వాత తెలిసింది. అప్పటికి మాకు తెలిసింది ఆయన రాలేదని మాత్రమే. శెట్టిగారు వాకిట్లో నిలబడి ఎర్రగుంట్ల రోడ్డు వైపు చూస్తూ ఉంటే, ఆ రోడ్డు మీద పాటగాడికి బదులు ఎద్దులబండ్లు వచ్చాయి. పెరట్లో పరిపించాలని ఆయన ఎప్పుడో చెప్పిన నాపరాళ్ళు చిలమకూరు పక్క గనుల నుంచి సరిగ్గా పెళ్ళిరోజున చేరాయి.

బండ్ల వెంట కూలివాళ్ళూ, ఒక ఆడమనిషీ, చంకకర్ర ఊతంతో నడిచే ఒక మగమనిషీ ఉన్నారు. కూలివాళ్ళు బండ అంచులు పట్టుకున్నారు. ఆమె దూరంగా నిలబడి పాట ఎత్తుకుంది.

లెయ్యవే నల్లబండా, లెయ్యవే
పొద్దు నడినెత్తికొచ్చె, లెయ్యవే
సంగటి సల్లారిపాయ, లెయ్యవే
మా మామ నడుమిరిగె, లెయ్యవే

ఆమెది తీయని గొంతు కాదు. గనిలో ఈ గట్టున నిలబడి ఆ గట్టు కింద ఉన్నవాళ్ళకు వినిపించడానికి పెరిగిన గొంతు. పంక్తిలో కూర్చున్నవాళ్ళు విస్తళ్ళు వదిలి వాకిట్లోకి వచ్చారు. ఎంగిలి చేతులతో నిలబడి విన్నారు. బండ్లు ఖాళీ అయ్యేసరికి శెట్టిగారు ఒక నిర్ణయానికి వచ్చాడు. కచేరీ ఆమె చేయాలన్నాడు.

బండ లేకుండా ఏంటికి పాడల్ల అని ఆమె అడిగింది. ఉత్తినే అరిస్తే పిచ్చిదంటారని కూడా చెప్పింది. అందుకని ఒక బండను పందిట్లోకి తెప్పించారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కొంచెం పక్కకు జరిగారు. నేను మైకు తెచ్చి ఆమె నోటి ముందు పెట్టాను. మొదటి చరణానికే హారన్ రేకు చించినట్టు అరిచి, ఆ తర్వాత ఏమీ అనలేదు.

"నీ మిషనుకు గొంతు పొయినట్టుండాదప్పా. మిరియాల కషాయం పొయ్యి," అని చెప్పి, ఆమె మైకు లేకుండానే పాడింది. వీధి చివరి దాకా వినిపించింది. మైకుతో బతికేవాణ్ణి, మైకు అక్కరలేని మనిషి నాకు అలా పరిచయమైంది.

అయినా ఆ పైన ఆమె ప్రతి కచేరీకీ నన్నే పిలిచారు. మైకు లేకపోతే ఊరికి పరువు తక్కువ. నేను మైకును ఆమెకు బాగా ఎడంగా, ఒక్కోసారి పక్కింటి అరుగు మీద పెట్టేవాణ్ణి.

ఆమె ఇల్లు ఒకసారి చూశాను. గోడలు బండలు, కప్పు బండలు, పడుకునేది బండ మీద. తినేదానికి మాత్రం ఏమీ లేదు. పాట పాడితే ఆకలి తెలియదంటారు గదా అని నేనేదో పుస్తకాల మాట అన్నాను. అది అబద్ధమని ఆమె చెప్పింది. పాడితే ఆకలి ఇంకా ఎక్కువవుతుందట, అందుకే కూలికి వచ్చినవాళ్ళలో పాటమనిషికి ఒక ముద్ద సంగటి ఎక్కువ పెడతారట. తాను పాటకు వచ్చింది ఆ ముద్ద కోసమేనని కూడా చెప్పింది. అది నిజం కాదని నాకు తర్వాత తెలిసింది.

చంకకర్ర మనిషి ఆమె భర్త. వాళ్ళమ్మకు తమ్ముడు కూడా కాబట్టి ఆమె ఆయన్ను మామా అనే పిలిచేది. ఆయనకు ఎడమ పాదం లేదు. ప్రతి కచేరీలో వేదిక మీద ఆయనకొక కుర్చీ వేయాలి. ఆయన అందులో కూర్చుని జనాన్ని గానీ ఆమెను గానీ చూడకుండా నేలను చూసేవాడు. ఎప్పుడో ఒకప్పుడు కుడిచెయ్యి పైకెత్తేవాడు. ఆమె పాట ఆపేది. ఆయన చెయ్యెత్తనంత సేపూ ఆపేది కాదు. కొంతమంది ఆయన తాళం వేస్తాడనుకున్నారు. కొంతమంది ఆమెకు గురువనుకున్నారు. కమలాపురంలో ఒకాయన పోలీసు శాఖ మనిషేమోనని నన్ను చాటుగా అడిగాడు. గనిలో బండ గట్టెక్కి కుదురుగా కూర్చున్నాక గట్టు మీది మనిషి చెయ్యెత్తుతాడని, అప్పుడే పాట ఆపాలని ఆమె చెప్పింది. ఊరూరికీ బండ మోసుకుపోలేం గనుక, మామ కూర్చుంటే బండ ఉన్నట్టే లెక్క అని ఒప్పుకుంది.

పేరు వచ్చేకొద్దీ ఆమె మారలేదని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళు ఆమెతో ప్రయాణం చేసి ఉండరు. బస్సులో డ్రైవరు వెనక సీటు తప్ప ఇంకోటి ఎక్కేది కాదు. చేతికి గడియారం కొనింది. టైము చూడ్డం రాదు, ఎవరైనా అడిగితే చెయ్యి చాపి చూసుకోమనేది. నల్లద్దాలు కొనింది. కచేరీకి ముందు గోలీసోడా తాగి, గట్టిగా తేన్చి, అప్పుడు వేదిక ఎక్కేది. గోడ మీద పోస్టరు కనబడితే తన పేరును జానతో కొలిచేది. చదువు రాకపోయినా తన పేరు ఎక్కడుందో ఎలాగో గుర్తుపట్టేది. ఒకసారి ప్రెస్సు ఆయన మంచి ఉద్దేశంతోనే ఆమె పేరుకు ముందు 'రాయలసీమ కోకిల' అని వేశాడు. ఆమె ప్రెస్సుకు పోయి, కోకిల నల్లగుంటుంది గదా, నన్ను నల్లదంటున్నారా అని నిలదీసింది. ఆమె నలుపే. ఆ సంగతి ప్రెస్సు ఆయన చెప్పలేకపోయాడు. తర్వాతి పోస్టరులో కోకిల పోయింది, అక్షరాలు పెద్దవైనాయి.

అసలైన పేరు పులివెందులలో వచ్చింది. ఏదో కొత్త భవనం ప్రారంభానికి ఒక మంత్రి వస్తున్నాడు. ఆయన వచ్చేదాకా జనం కదలకుండా ఈమె పాట పెట్టారు. పాట నడుస్తుండగానే మంత్రి కారు దిగాడు. కమిటీవాళ్ళు చేతులు ఊపారు. ఆమె పాడుతూనే ఉంది. ఒక అధికారి వేదిక ఎక్కి చెవి దగ్గర చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూ పాడింది. నన్ను మైకు కట్టేయమన్నారు, కట్టేశాను. తేడా ఏమీ కనబడలేదు. మామ నేలను చూస్తూ కూర్చున్నాడు. మంత్రి మెడలో దండతో ఎండలో నిలబడ్డాడు. ఇంక చేసేదేమీ లేక చప్పట్లతో తాళం వేయడం మొదలుపెట్టాడు. ఆయన వేస్తే కమిటీ వేసింది, కమిటీ వేస్తే పులివెందుల అంతా వేసింది. చివరికి మామ చెయ్యెత్తాడు.

మంత్రిగారికి జానపద కళల మీద ఎంతో మక్కువ అని పత్రికల్లో వచ్చింది. ఆ వార్త చూసి మద్రాసు నుంచి గ్రామఫోను ప్లేట్లు తీసే కంపెనీ మనిషి మా అంగడి వెతుక్కుంటూ వచ్చాడు.

మద్రాసుకు ముగ్గురం పోయాము. గోడలకు గుడ్డలు కట్టిన గది. అద్దం అవతల మిషన్లు. తెల్లచొక్కా ఇంజనీరు ఒకాయన, మంచి మర్యాదస్తుడు, ఆమెకు చేతులు కట్టుకుని చెప్పాడు. ప్లేటుకు ఒక పక్క మూడు నిమిషాల చిల్లరే పడుతుందట. ఎర్రదీపం వెలగగానే ఆపేయాలట. ఆమె సరేనంది. దీపం వెలిగింది. ఆమె పాడుతూనే ఉంది. ఆయన మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అంతే. మామను ఆ దీపం చూసి చెయ్యెత్తమన్నారు. బండ కూర్చోకముందే ఎట్లా ఎత్తేదని మామ అడిగాడు. ఇంజనీరు అద్దం ఇవతలికి వచ్చి, ఒక్క మూడు నిమిషాలకు ఆపడానికి ఏమిటమ్మా కష్టం అని కొంచెం గట్టిగానే అడిగాడు.

ఆమె నల్లద్దాలు తీసి చేతిలో పట్టుకుంది.

"మా మామ కాలు యాడ పొయిందనుకుంటాండావు సామీ," అంది. "ముందర గనిలో పాట మా నాయనది. ఒకపొద్దు బండ సగానికొచ్చినాక మా నాయనకు దగ్గొచ్చినాది. పాట తెగిపాయ. తాడు పట్టుకున్నోళ్ళకు ఎప్పుడు లాగల్నో తెల్లేదు. బండ జారె. కింద ఈయప్ప ఉండాడు. ఆపొద్దు నించి మా నాయన నోరు తెరవల్యా. మర్నాడు బండ ఎత్తల్ల గదా, నేను పాడినా."

ఇంజనీరు తన చేతుల వైపు చూసుకున్నాడు. నేను ఆమెను అప్పటికి రెండేళ్ళుగా ఎరుగుదును. ఎక్కువ ముద్ద సంగటి కథే నాకు చెప్పింది గానీ ఇది చెప్పలేదు.

మామ గొంతు సవరించుకుని, "సన్న బండ ఎత్తుకో. పెద్దది ఏంటికి?" అన్నాడు.

ఆమె ఆలోచించింది. "ఎంత సన్నది?"

"పొయ్యి ముందర ఏస్తాము సూడు, అంత."

ఆమె నల్లద్దాలు పెట్టుకుని ఆ చిన్న బండకు పాడింది. ఎర్రదీపం వెలగకముందే బండ కూర్చుంది. మామ చెయ్యెత్తాడు. ఇంజనీరు బయటికి వచ్చి ఇద్దరికీ దండం పెట్టాడు. ఆమె ఆయన్ను, ప్లేటు మీద తన పేరు ఎంత పొడుగు వేస్తారని అడిగింది.

ఆ ప్లేటు మా జిల్లాలో మోగని చోటు లేదు. టూరింగు టాకీసులో ఆట మొదలయ్యే ముందు వేసేవాళ్ళు. పెళ్ళిళ్ళలో నేనే వేసేవాణ్ణి. విశాలాంధ్ర అయి రాష్ట్రం పెద్దదయ్యాక రేడియోలో కూడా వచ్చింది. పాట మీద వచ్చిన దుడ్లతో ఆమె వీరపునాయునిపల్లె పక్కన కొంత చేను కొనింది. చేను నిండా బండలే.

జమ్మలమడుగు తిరునాళ్ళ సంగతి చెప్పకపోతే ఆమెను గురించి చెప్పినట్టు కాదు. పెన్న ఒడ్డున పందిరి. ఆపొద్దు ఊరి పెద్దలు మాకు పప్పన్నం, వడలు, పాయసం పెట్టారు. మామ మారు పెట్టించుకుని తిన్నాడు. సాయంత్రపు ఎండ ఎదురుగా కొడుతుందని ఆమె తన నల్లద్దాలు తీసి ఆయనకు పెట్టింది. పాట మొదలైంది. తెలిసిన చరణాలన్నీ అయిపోయాయి. మామ చెయ్యెత్తలేదు. మళ్ళీ మొదటి నుంచి పాడింది. చెయ్యి లేవలేదు. జనం ఆమెకు ఎంత ఊపిరి ఉందో అని మెచ్చుకుంటున్నారు. నాకు అనుమానం వచ్చి పక్క నుంచి తొంగి చూశాను. అద్దాల వెనక ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాయి.

ఆమెకూ అర్థమైంది. పాట ఆపకూడదు. దగ్గరికి పోయి తట్టుదామంటే వేదిక ఆ చివర ఉన్నాడు, మధ్యలో తబలాలు, హార్మోనీ, ఊరి పెద్దల కుర్చీలు. అందుకని పాటలోనే మొదలుపెట్టింది.

నల్లద్దాల దొరగారూ, లెయ్యి మామా
జమ్మలమడుగు పాయసమే, లెయ్యి మామా
కడుపులోన బండాయె, లెయ్యి మామా

జనానికి సంగతి తెలిసిపోయింది. పందిట్లో ఉన్నవాళ్ళంతా ఒక్క గొంతుతో 'లెయ్యి మామా' అందుకున్నారు. ఇసకలో బొరుగులు అమ్మేవాళ్ళు కూడా అందుకున్నారు. మామ ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ఊరు ఊరంతా తనను లెయ్యమంటోంది. చంకకర్ర వెతుక్కుని నిజంగానే లేచి నిలబడి, "ఏందే, పోదామా?" అన్నాడు. ఆమె పాడుతూనే తన చెయ్యెత్తి చూపించింది. ఆయన చెయ్యెత్తాడు. అన్ని చప్పట్లు మంత్రికి కూడా పడి ఉండవు.

ఆ తర్వాత ఎక్కడికి పోయినా 'లెయ్యి మామా' పాడమని అడిగేవాళ్ళు. ఆయప్ప నిజంగా నిద్రపోతే పాడతానని చెప్పేది. ఆయన మళ్ళీ కచేరీలో నిద్రపోలేదు, పాయసం కూడా మానేశాడు.

జమ్మలమడుగు నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఆ సంగతి తలుచుకుని నవ్వుతూనే ఉన్నాను. మామ కిటికీ పక్కన మళ్ళీ నిద్రపోతున్నాడు. ఆమె నవ్వలేదు. చాలాసేపటికి నా వైపు తిరిగి, "సగం పాటలో నాకు వేరే అనుమానమొచ్చినాదప్పా," అంది. "ఐనా ఆపలేకపోతి." ఇంకేమీ అనకుండా ఆయన భుజం మీది తుండుగుడ్డ సరిచేసింది. ఆ గుడ్డ సరిగ్గానే ఉండింది.

ఆయన పోయింది కచేరీలో కాదు. ఇంట్లోనే, చలికాలంలో, జ్వరం వచ్చి పోయాడు. పోయే రోజున కూడా ఇద్దరూ కషాయం గురించి పోట్లాడుకున్నారని ఆమే చెప్పింది. ఆయన తాగనన్నాడు. చివరికి తాగాడు.

కొంతకాలం పోయాక వీరపునాయునిపల్లెవాళ్ళు తిరునాళ్ళకు ఆమెను అడగమని నన్ను పంపించారు. ఆమె చేలో శనగకాయ చెట్లు పీకుతోంది. ఇంక పాడనని చెప్పింది. గొంతు బాగానే ఉంది, చెరగని పేరుంది, ఎందుకు పాడవని అడిగాను. చెయ్యెత్తేవాళ్ళు లేకపోతే పాట అయిపోయిందో లేదో తనకెట్లా తెలుస్తుందని అడిగింది. నేను ఎత్తుతానన్నాను. మాట వరసకు కాదు, నిజంగానే అన్నాను.

"నువ్వు మంచోనివేలే అప్పా," అంది. "నువ్వెత్తితే నేను ఆపను."

అందులో కోపం లేదు. ఇంటికి పోయేటప్పుడు ఒక సంచి నిండా పచ్చి శనగకాయలు ఇచ్చింది. తిరునాళ్ళలో ఆ ఏడు ప్లేటే వేశాను. జనం వచ్చి, వేదిక ఖాళీగా ఉండడం చూసి, బొరుగుల అంగళ్ళ వైపు పోయారు.

ఆమె నిజంగా పోయింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు. నేను ఊళ్ళో లేను, చివరి చూపుకు అందలేదు. కానీ నాకు గుర్తున్న చివరి సంగతి అంతకు ముందుది. విత్తనాల కోసం ప్రొద్దుటూరికి వచ్చి, ఒక పగలు ఆమె మా అంగడికి వచ్చింది. నల్లద్దాలు లేవు, గడియారం లేదు. పక్కనే సాయబు టీ అంగడి ఉంటే అక్కడికి పోయి బల్ల మీద కూర్చున్నాము. పత్తిమిల్లు నుంచి వచ్చిన కూలివాళ్ళతో అంగడి నిండా ఉంది. సాయబు రేడియో తిప్పుతున్నాడు. ఒక చోట ఆమె పాట వచ్చింది.

సాయబు చెయ్యి అక్కడే ఆగింది. కూలివాళ్ళు మాటలు తగ్గించారు. ఆమె గ్లాసు పట్టుకుని వింటూ కూర్చుంది. ఆమె పక్కనున్న మనిషి, దుమ్ము కొట్టుకున్న తలతో, గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

"ఈయమ్మ సచ్చిపోయిందంట గదా."

నేను నోరు తెరిచాను. ఆమె బల్ల కింద నా కాలు తొక్కింది.

"ఔనంట," అంది.

"శానా మంచిదంటమ్మా. మొగునికి ఎదురుమాట చెప్పి ఎరగదంట."

ఆమెకు చనిపోవడానికి అభ్యంతరం లేకపోయింది గానీ దీనికి ఉండింది. "అంత లేదులే నాయనా. దినామూ కొట్లాటే," అంది.

"నీకు తెలుసా ఆయమ్మ?"

"పక్కూరే."

ఆ మనిషి తల ఊపి మళ్ళీ పాటలో పడ్డాడు. తొడ మీద వేళ్ళతో తాళం వేసుకుంటున్నాడు. ఆమె ఆ వేళ్ళనే చూస్తూ మిగతా టీ తాగింది.

బయటికి వచ్చాక నేను ఉండబట్టలేక అడిగాను. పోస్టరు మీద పేరు జానతో కొలిచిన మనిషివి, ఏంటికక్కా చెప్పలేదు అన్నాను.

ఆమె విత్తనాల సంచి నెత్తిన పెట్టుకుని సర్దుకుంది.

"ఇన్నేండ్లు పాడినా గాని, నలుగురిలో కూసోని ఇనింది ఈపొద్దేనప్పా," అంది. "చెప్పింటే వాళ్ళు నా మొగం సూస్తాండ్రి, నేను వాళ్ళ మొగాలు సూస్తాంటి. పాట ఎవురు ఇంటారు?"